వానరోజుల్లో మావయ్య

మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుకొండ కనిపిస్తుంది. ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి ఆ కొండ మీది దేవదారు చెట్లు ఆకుపచ్చదనం వదిలేసి తుప్పురంగుకి తిరుగుతాయి. కొమ్మల చివర మగపూలు గింజల్లా గుత్తులు కట్టి, ఎండా గాలీ కోసం కాచుకుని ఉన్నాయన్నమాట. ఆ రంగు చూడగానే నేను చేసే మొదటి పని, వసారాలో పరుపులు ఆరేసే వెదురుగెడని తీసి అటక మీద పెట్టేయడం. ఆ తరవాత మే నెల దాకా మా ఇంట్లో ఏ గుడ్డా బయట ఆరదు.

ఆ ఏడు నేను గెడ తీసిన మర్నాడే మావయ్య దాన్ని కిందికి దించారు.

"పరుపుకి ఎండ తగలకపోతే మనిషికి నిద్రెలా పడుతుందమ్మాయ్?" అన్నారు, తన పరుపుని గెడ మీద వేసి చేటంత అరచేత్తో దబదబా బాదుతూ.

"ఎండతో పాటు ఇంకోటి కూడా తగులుతుంది మావయ్యగారూ."

"ఏమిటి తగిలేది? నేను నాటిన చెట్టు పుప్పొడేగా. నీ కూతురు కనోకోకి పడదంటే సరే, అది చిన్నపిల్ల. నన్నేం చేస్తుంది?"

మా మావయ్య ఇసాబురోకి అప్పటికి ఎనభై దాటాయి. ఎదురుకొండ మీద చెట్లలో సగం ఆయనా మా అత్తయ్యా నాటినవే. యుద్ధంలో టోక్యో కాలిపోయాక ఇళ్ళకి కలప కావాలి, నాటండి నాటండి అని ప్రభుత్వం అంటే, పెళ్ళయిన ఏడాదే ఇద్దరూ మొక్కలు వీపున మోసుకుని ఎక్కారట. మనవల కాలానికి ఆ చెట్లు బంగారం అవుతాయనుకున్నారు. కలప ఓడల మీద వేరే దేశాల నుంచి చవగ్గా రావడం మొదలయ్యాక వాటిని నరికించే ఖర్చు కూడా గిట్టదని తేలింది. చెట్లు అలాగే ఉండిపోయాయి. మనవరాలికి మాత్రం ప్రతి వసంతంలోనూ తాతగారి ఆస్తి ముక్కులోంచి కారుతుంది.

మా అమ్మాయి కనోకోకి పదహారేళ్ళు. అయిదో ఏటి నుంచీ ఆ పుప్పొడి జబ్బు ఉంది. చెట్లు రంగు తిరగకముందే మాత్ర మొదలుపెడుతుంది, ముక్కులో కొట్టుకునే మందు, కంట్లో చుక్కలు, బడికి వెళ్ళేటప్పుడు మాస్కు, పక్కల మూసి ఉండే కళ్ళద్దాలు. అంతకుముందు వేసవి నుంచి కొత్తగా ఇంకో బిళ్ళ చేరింది. అది దేవదారు పుప్పొడితోనే చేసింది. రోజూ కాస్త కాస్త ఒంటికి అలవాటు చేస్తే కొన్నేళ్ళకి ఒళ్ళు దానితో పోట్లాడ్డం మానేస్తుందట. దాన్ని నాలిక కింద పెట్టుకుని ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలి.

ఆ నిమిషం కోసమే మావయ్య పొద్దున్నే కాచుకుని కూర్చునేవారు.

"చూశావా సతోయే, నీ కూతురు నా కొండని నాలిక కింద పెట్టుకుంది. అది నాటేటప్పుడు నా నడుం విరిగింది తెలుసా? ఈవిడ దాన్ని చప్పరించి మింగేస్తోంది. అడుగు ఏమైనా, అడిగితే జవాబు చెప్పదు. ఎంత పొగరో."

కనోకో కళ్ళతోనే తిట్టేది. నిమిషం అయిపోగానే మింగి, "తాతయ్యా, నువ్వు నాటకపోయి ఉంటే నేనీపాటికి ఒలింపిక్స్‌కి వెళ్ళేదాన్ని," అనేది.

"తుమ్ముల పోటీ పెడితే ఇప్పుడైనా వెళ్తావు."

ప్రతి పొద్దునా ఇదే. ఇద్దరిలో ఎవరికీ విసుగు పుట్టేది కాదు.

అందుకే ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఆ నిమిషం చప్పుడు లేకుండా గడిచిపోతే నా చేతిలో గరిటె ఆగింది. మావయ్య మిసో చారు గిన్నె రెండు చేతులా పట్టుకుని దాంట్లోకే చూస్తున్నారు. కనోకో బిళ్ళ మింగేసి కూడా కాసేపు ఎదురుచూసింది. తరవాత నా వైపు చూసింది. నేను టీ పోశాను.

జలుబు చేసిందన్నారు. గొంతు కూడా అలాగే ఉంది. అలమారులో మందుల పెట్టెలోంచి జలుబు పొడి తీసి రోజూ భోజనమయ్యాక వేసుకుంటున్నారు. అయిపోతే నేనే మళ్ళీ కొని పెట్టాను. ముసలితనంలో జలుబు ఒక పట్టాన వదలదు కదా అనుకున్నాను.

జలుబుతో పాటు ఇంకేవో మొదలయ్యాయి. అన్నం సగం వదిలేసి చారు మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగేవారు. మా ఇంట్లో చారులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైనా పట్టుకునే మనిషి, ఒకరోజు నేను పొరపాటున ఉప్పటి మిసో ముద్ద రెండుసార్లు కలిపేస్తే ఏమీ అనకుండా తాగేశారు. వంటచెరకు సంఘం మీటింగుకని బయల్దేరి, గుమ్మంలో ఒక కాలికి బూటు వేసుకుని, రెండో బూటు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"మావయ్యగారూ, మీటింగు."

"ఆఁ. వెళ్ళొచ్చానుగా."

నేను రెండో బూటు తీసి గూట్లో పెట్టాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది తాడు. కట్టెలమోపు కట్టే ముడి ఒకటుంది. ఎటు లాగినా బిగుస్తుంది, కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే విడిపోతుంది. మావయ్య దాన్ని చూడకుండా వేస్తారు, ఎవరితోనో మాట్లాడుతూ వేస్తారు. ఆ రోజు మార్చి ఎండ బాగా కాసింది. పెరట్లో మోపు ముందు కూర్చుని తాడు కొసలు రెండూ చేత్తో పట్టుకుని, ఎవరో పరాయి పిల్లాణ్ణి చూసినట్టు వాటినే చూస్తున్నారు. నేను బట్టలు తడుపుతున్నట్టు నటిస్తూ చాలాసేపు చూశాను. చివరికి కొసలు వదిలేసి లోపలికి వెళ్ళి పడుకున్నారు.

మర్నాడు వాన. దాని మర్నాడు కూడా వాన. రెండో రోజు సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి వసారాలో మావయ్య కనోకోకి ఆ ముడే నేర్పుతున్నారు.

"అలా కాదే మొద్దూ. పాము తన తోకని తనే మింగాలి, మళ్ళీ సిగ్గుపడి వదిలెయ్యాలి. ఆఁ, ఇప్పుడు గుంజు."

ఆ రాత్రి మావయ్య చారు నోట్లో పెట్టుకుని, "చారులో వేసే ఎండుచేప పొట్టు మార్చావా? ఇది పాతదానంత బాగాలేదు," అన్నారు. నిజంగానే మార్చాను.

అప్పటి నుంచి నాకు తెలియకుండానే ఆకాశాన్నీ మావయ్యనీ కలిపి చూడడం మొదలుపెట్టాను. వాన పడితే మావయ్య మావయ్యే. ఎండ కాస్తే మావయ్య ఎక్కడికో వెళ్ళిపోయి, ఆయన చొక్కా తొడుక్కున్న ఎవరో ముసలాయన మా ఇంట్లో తిరిగేవారు. వానకి కీళ్ళు నొప్పులు పుట్టే ముసలివాళ్ళ గురించి విన్నాను గానీ, వానకి తెలివి వచ్చే మనిషి గురించి ఎప్పుడూ వినలేదు.

వాన రోజుల్లో తొకుజీగారు చదరంగానికి వచ్చేవారు. మావయ్యతో కలిసి కొండ ఎక్కినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే. తొకుజీగారిది ఓడిపోయే చదరంగం, గెలిచే నోరు.

"ఏం కోడలుపిల్లా, ఇంకా గుడ్డలన్నీ గదిలోనే ఆరేస్తున్నావా? ఇల్లు చాకిరేవులా ఉంది."

"మా అమ్మాయి కోసం బాబాయిగారూ."

"పుప్పొడి జబ్బు పట్నం గాలిలో పుట్టిందిలే. మనకెవరికైనా ఉందా? మన ముక్కుల్లో రక్తం బదులు జిగురే కారుతుంది. ఏరా ఇసాబురో?"

మావయ్య పావు జరిపారు.

"ఒక్క యోకిచిగాడికే వచ్చింది గుర్తుందా? పాపం, కొండెక్కగానే తుమ్ములు. కొండపని చేసేవాడికి కొండే పెళ్ళాం, మరి వాణ్ణేమనేవాళ్ళం?"

"పెళ్ళాం మొహం చూస్తే తుమ్మే మొగుడు," అన్నారు మావయ్య, బల్ల మీంచి కళ్ళు ఎత్తకుండా.

"అదీ!" తొకుజీగారు నవ్వలేక దగ్గారు. "వాడు చచ్చిందాకా ఆ పేరు పోలేదు. సమాధి రాయి మీద కూడా అదే చెక్కిద్దామన్నాను నేను."

"రాజు పోయాడు," అన్నారు మావయ్య.

తొకుజీగారు బల్ల వైపు చూసి, ఎవరిమీదో తెలియని కోపంతో టీ తాగేశారు.

నేను ఆ మాటలు విన్నాను. విని, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. కళ్ళ ముందున్నది అప్పటికీ కనపడలేదు.

శనివారం కారులో బజారుకి వెళ్తూ మా ఆయన తదషి ఆ సంగతి ఎత్తారు. ఆయన లోయ కింద నీళ్ళ ఆఫీసులో పనిచేస్తారు. ఏది చెప్పినా పైపు పగిలిన చోటు చెప్పినట్టే చెబుతారు.

"నాన్న సంగతి చూడాలి."

"ఊఁ."

"వంతెన పక్కనున్న వృద్ధుల ఇంట్లో గది ఖాళీ అవుతోందట. నాతో చదువుకున్నవాడు అక్కడున్నాడు. నెలాఖరులోపు చెప్పమన్నాడు. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఎన్నేళ్ళకో."

"ముందు డాక్టరుకి చూపించాలి కదండీ."

"జ్ఞాపకం డాక్టరు దగ్గర మే దాకా ఖాళీ లేదట, అప్పటికి పేరు రాయించాను. ఈలోపు రంపం పెట్టె తాళంచెవి నేను దాచేశాను. మొన్న పొయ్యి దగ్గర నిలబడి నిద్రపోతున్నాడు, సతోయే. నువ్వు రోజంతా ఇంట్లో ఉంటావు, నీకు తెలియదా?"

తెలుసు. అందుకే వాన సంగతి చెప్పాను.

"ముసలివాళ్ళు అంతే. ఒకరోజు ఉంటారు, ఒకరోజు ఉండరు," అన్నారు.

"ఉన్న ప్రతి రోజూ వాన పడుతోందండీ."

ఆయన అద్దం తుడిచే బ్రష్షు వేసి, పసుపు దుమ్ము కారు అద్దం మీద రెండు వంపులుగా చెదిరాక, "అయితే ఆయన్ని సముద్రంలో పెట్టి పెంచాలి," అన్నారు. నవ్వు కోసం అన్న మాట కాదు. ఆయనకి నిద్ర లేక చాలా రోజులైందని ఆ మాటతోనే తెలిసింది.

ఇంటికొచ్చి సామాను సర్దుతుంటే మావయ్య గది తలుపు సందులోంచి ఆయన వీపు కనిపించింది. రంపం పెట్టే పెట్టె ముందు కూర్చుని, దాని తాళం కప్పని బొటనవేలితో రుద్దుతున్నారు. మమ్మల్ని ఏమీ అడగలేదు. అడగకపోవడం మరుపు వల్లో, తెలిసిపోవడం వల్లో నాకు అర్థం కాలేదు.

పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో మేము సమాధులకి వెళ్తాం. ముందురోజు రాత్రి వాన కురిసి పొద్దుటికి వెలిసింది. తెల్లవారేసరికి ఎండ, గాలి. టీవీలో పుప్పొడి పటం మీద మా లోయ ఊదారంగు పులుముకుని ఉంది. వాన వెలిసిన మర్నాడే పుప్పొడి ఎక్కువని కనోకో నాకంటే ముందే చెప్పి, మాస్కు మీద మాస్కు తొడుక్కుంది. నేను తీపి అన్నపు ఉండలు డబ్బాలో పెట్టాను. మా అత్తయ్య కికునోకి అవి ప్రాణం.

అత్తయ్య సమాధి కొండ మొదట్లో, వాళ్ళు నాటిన చెట్ల నీడలోనే ఉంది. తదషి రాయి కడిగారు. కనోకో పువ్వులు పెట్టింది. మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని దొప్పతో రాయి మీద నీళ్ళు పోస్తున్నారు. అప్పుడు పైనుంచి గాలి దిగింది. చెట్ల తలలన్నీ ఒకేసారి వంగి లేచాయి. వాటిలోంచి పసుపు పొగ లేచి, ఎక్కడో నిప్పు అంటుకున్నట్టు కొండ వాలంతా పాకి, మా మీదికి దిగింది.

మావయ్య చేతిలో దొప్ప ఆగిపోయింది. భుజాలు బిగుసుకున్నాయి. మొహం ఎర్రబడింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తదషి అది చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు. తండ్రి ఏడుస్తుంటే కొడుకు చూడకూడదన్నట్టు నీళ్ళబాల్చీ తీసుకుని కిందికి నడిచారు. కనోకోని కూడా రమ్మన్నారు. నేనూ మొదట ఏడుపే అనుకున్నాను.

కానీ పెదాలు గట్టిగా మూసి, దవడలు బిగించి, ఊపిరి పట్టి, లోపల్నుంచి తోసుకొస్తున్నదాన్ని మింగడం నేను చాలాసార్లు చూశాను. పరీక్ష హాల్లో తుమ్ము ఆపుకోవడం ఎలాగో కనోకో నాకు చేసి చూపించేది.

మావయ్య ఇటూ అటూ చూశారు. నేను వెనక ఉన్నానని గమనించలేదు. కోటు లోపలి జేబులోంచి వెండి రేకు ఒకటి తీసి, బొటనవేలితో నొక్కి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు లేకుండా మింగారు. ఇంకోటి నొక్కారు. అదీ మింగారు.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యగారూ?"

ఆయన ఉలిక్కిపడలేదు. "ఏది?"

"తుమ్ములు."

రాయి వైపు చూశారు. తడి రాయి మీద అప్పటికే పసుపు పొడి సన్నగా పరుచుకుంది. దాన్ని అరచేత్తో తుడిచి, "ఇక్కడ అనకు," అన్నారు, బాగా తగ్గించిన గొంతుతో. "కికునో వింటుంది."

నేను డబ్బా మూత తీసి ఉండలు రాయి ముందు పెట్టాను. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. దిగేటప్పుడు చెప్పారు. కిందటేడు కొద్దిగా మొదలైందట. ఈ ఏడు తట్టుకోలేక బస్సెక్కి, తనని ఎవరూ ఎరగని స్టేషను పక్క కొట్టుకి వెళ్ళి, తుమ్ములకి మాత్రలివ్వమని అడిగారట. చవకగా, బలంగా ఉండేవి.

"ఒకటి చాలకపోతే రెండు వేసుకుంటాను. వాన పడితే అసలు ముట్టను, అక్కర్లేదుగా."

"మరి జలుబు పొడి?"

"అది జలుబుకి. ఇది దీనికి." అని, కొన్ని అడుగులు వేశాక, "తొకుజీకి చెప్పకు," అన్నారు.

మర్నాడే కనోకో వెళ్ళే ముక్కు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. వేసుకునేవన్నీ తెమ్మని ముందే చెప్పారావిడ. మావయ్య బల్ల మీద వెండి రేకులూ జలుబు పొట్లాలూ పక్కపక్కనే పెట్టి, దొంగతనం ఒప్పుకున్నవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ రెండిటినీ తిప్పి చూశారు.

"తాతగారూ, పొట్లంలో ఉన్నదీ, మాత్రలో ఉన్నదీ ఒకే జాతి మందు. రెండూ కలిపి వేసుకుంటున్నారు. ముక్కు ఆగుతుంది, నిజమే. చిన్నవాళ్ళకైతే నిద్ర వస్తుంది, అంతే. మీ వయసులో తెలివికే మబ్బు కమ్ముతుంది. నోరు ఎండిపోతుందా?"

"ఊఁ."

"ఒంటేలు సరిగ్గా రావడం లేదా?"

మావయ్య నా వైపు చూశారు. నేను గోడ మీద అంటించిన చెవి బొమ్మని చూస్తూ నిలబడ్డాను.

"ఇవి ఆపేద్దాం. నిద్ర తెప్పించని మాత్ర ఇస్తాను, ముక్కులో కొట్టుకునేది ఇస్తాను. బయట్నుంచి రాగానే కోటు గుమ్మంలోనే దులపండి, మొహం కడుక్కోండి. పరుపు బయట వెయ్యకండి. రాత్రంతా పుప్పొడిలో మొహం పెట్టుకుని పడుకుంటున్నారు మీరు."

పరుపు మాటకి నేను చెవి బొమ్మ మీంచి కళ్ళు తిప్పలేదు.

"అరవై ఏళ్ళు ఆ చెట్ల కిందే బతికాను డాక్టరమ్మా," అన్నారు మావయ్య. "అవి నాకు కోపం తెప్పించాయేమో గానీ, వాటికి నా మీద ఎప్పుడూ కోపం రాలేదు. ఇప్పుడెందుకు?"

"ఎవరికి ఎప్పుడు మొదలవుతుందో మాకూ సరిగ్గా తెలియదు. చెట్టుకి కోపం కాదు తాతగారూ. ఒంటికే కంగారు. ఏ హానీ చెయ్యనిదాన్ని పట్టుకుని శత్రువనుకుంటోంది."

మావయ్య బల్ల మీది వెండి రేకుని పక్కకి జరిపారు.

"మా అబ్బాయిలాగా," అన్నారు. "ఇంట్లోవాణ్ణే బయటికి తోసెయ్యాలని చూస్తోందన్నమాట."

డాక్టరమ్మకి అర్థం కాక నవ్వారు. నాకు అర్థమైంది. గది సంగతి, వంతెన సంగతి, అన్నీ ఆయనకి తెలుసు. ఏ రోజు తెలిసిందో, అది ఎండ రోజో వాన రోజో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

బయటికొచ్చే ముందు నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళి అడిగాను. ఈ మరుపంతా మందు వల్లేనా అని.

"కొంతో, అంతానో ఇప్పుడే చెప్పలేనమ్మా. మందు ఆపాక కొన్ని వారాలు చూడండి. అప్పటికీ తేడాగా ఉంటే జ్ఞాపకం డాక్టరుకి చూపించండి," అన్నారు. మే నెలలో దొరికిన ఆ రోజుని మాత్రం వదులుకోవద్దన్నారు.

ఆ మాటలు ఒక్కటీ వదలకుండా తదషికి చెప్పాను. ఆయన ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నెలాఖరు దగ్గరికొచ్చేసింది. అవతలి గదిలో మావయ్య కొత్త ముక్కుమందు ఎలా కొట్టుకోవాలో కనోకోని అడుగుతున్నారు.

"అలా తల ఎత్తకు తాతయ్యా, గొంతులోకి పోతుంది. వంచు. ఇంకా."

"నీ కాళ్ళకి దణ్ణం పెట్టమంటావా ఏం?"

"నువ్వేమంటావు?" అన్నారు తదషి.

నాకు ఏమీ తెలియదని చెప్పాల్సిన చోట, "గది వదిలేయండి," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, లేచి, వసారాలోకి వెళ్ళి ఫోను చేశారు. తరవాత రంపం పెట్టె తాళంచెవి తెచ్చి భోజనాల బల్ల మీద, మావయ్య కూర్చునే చోట పెట్టారు. పొద్దున లేచేసరికి అది అక్కడ లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఎండ పొద్దున కనోకో బిళ్ళ నాలిక కింద పెట్టుకుంది. నేను చారు కలుపుతున్నాను.

"నేనూ ఆ బిళ్ళ అడిగాను తెలుసా," అన్నారు మావయ్య. "ఇప్పుడు మొదలుపెట్టకూడదట, పుప్పొడి కాలం పోయాక రమ్మంది. అది పనిచెయ్యడానికి మూడేళ్ళు పడుతుందట. అంటే ఇంకో మూడేళ్ళు నన్ను చావొద్దని డాక్టరు చీటీ రాసిచ్చినట్టే. ఏమంటావు? ఏమీ అనవు. పొగరు."

కనోకో నవ్వు ఆపుకోలేక బిళ్ళని నిమిషం కాకముందే మింగేసింది. నేను చారులో నీళ్ళు కాస్త ఎక్కువే పోశాను. అది మావయ్య వెంటనే పట్టుకున్నారు.

ఆ రోజే ఆయన మాస్కు పెట్టుకుని సంఘానికి వెళ్ళారు. తెల్లటి మాస్కు, కనోకో పాత కళ్ళద్దాలు. పట్టపగలు, బజారు వీధిలోంచి. ఏమైందో తెలుసుకోవాలని నేను ఆకుకూర కొనే మిషతో వెనకే వెళ్ళాను. సంఘం ముందు బెంచీ మీద తొకుజీగారు మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక బెంచీ మీంచి పడబోయారు.

"ఓరి నాయనో, యోకిచి లేచొచ్చాడ్రా. ఏరా, పెళ్ళాం మొహం చూస్తే తుమ్మే మొగుడా."

"అవున్రా, నేనే," అన్నారు మావయ్య మాస్కులోంచి. "మొన్న సమాధి దగ్గర ఆవిడ మొహమ్మీదే తుమ్మబోయాను. ఏమీ అనలేదు." అని లోపలికి వెళ్ళిపోయారు. బెంచీ మీద నవ్వు ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

మర్నాడు నేను పెరటి గుమ్మంలో చేప తోముతుంటే తొకుజీగారు వచ్చారు. ఎప్పుడూ వీధి గుమ్మం నుంచి కేకేస్తూ వచ్చే మనిషి, కంచె పక్క సందులోంచి చప్పుడు లేకుండా వచ్చారు.

"కోడలుపిల్లా. లేడుగా వాడు?"

"పడుకున్నారు బాబాయిగారూ."

"ఆ డాక్టరు ఎక్కడ ఉంటుంది?"

"ఎవరికి?"

"మా బంధువొకాయనకి."

ఆయన కళ్ళు రెండూ ఉడికించిన రొయ్యల్లా ఉన్నాయి. జేబులోంచి రుమాలు తీశారు. దాంతో పాటు వెండి రేకు కింద పడింది. నేను చేప వైపు చూశాను. ఆయన వంగి తీసుకున్నారు.

"ఆయన వేసుకునేవన్నీ కూడా తీసుకెళ్ళమనండి బాబాయిగారూ, మీ బంధువుని," అన్నాను. "బస్సు స్టేషను ముందు ఆగుతుంది."

తరవాత వారం నుంచి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవారు. డాక్టరమ్మ చెప్పడమేమంటే, వేచి ఉండే గదిలో ఏ వాలు ఎవరు నాటారో, ఎవరి చెట్టు ఎవరి ముక్కులోకి వస్తోందో తగువులాడుకుంటూ మిగతావాళ్ళ చెవులు చిల్లులు పడేలా చేశారట.

దేవదారు వెళ్ళిపోయింది. తరవాత వచ్చే సైప్రస్ చెట్ల పుప్పొడి కూడా మే మొదట్లో ఆగింది. ఎదురుకొండ మళ్ళీ ఆకుపచ్చకి తిరిగింది. మావయ్య కొత్త మాత్ర కూడా మానేసి వారం దాటింది. ముడులు వేస్తున్నారు. చదరంగం గెలుస్తున్నారు. జ్ఞాపకం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గర పడుతుంటే తదషి, "ఇంకా అవసరమా?" అన్నారు. నేను కాలెండరు కాయితం తిప్పి ఆ తారీఖు చూశాను.

ఆ మధ్యాహ్నం నేను గదిలో ఇస్త్రీ చేస్తున్నాను. మావయ్య వసారాలో బయటికి చూస్తూ కూర్చున్నారు. చెవికి ఇంపైన, నిదానమైన గొంతుతో పిలిచారు.

"కికునో. గెడ మీద పరుపు లోపలికి తెచ్చావా?"

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. డాక్టరమ్మ చెప్పిన రోజే నేను మళ్ళీ పైన పెట్టేసిన గెడ ఇంకా అటక మీదే ఉంది. బహుశా కునికిపాటులో అని ఉంటారు. కలలో ఎవరైనా అంటారు. ఆయన తల ఇటు తిప్పలేదు. జవాబు కోసం ఎదురుచూస్తున్న వీపు అది.

"తెచ్చాను," అన్నాను.

"మంచిది," అన్నారు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురుకొండ కనపడలేదు. పొద్దుటి నుంచీ ఎడతెరిపి లేకుండా వాన కురుస్తూనే ఉంది.